పాట కౌలుకిస్తున్నమా, పట్టా చేస్తున్నమా?

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పాటగాళ్లకు, కళాకారులకు జనగామలో జరిగిన ఒకరోజు తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చెడకుండా, అక్కడక్కడ మాత్రమే సరిదిద్ది అచ్చు వేస్తున్నాం.)

 

పొద్దటి నుంచి పాడి పాడి మీ గొంతులు అలసినయి. ఇప్పుడు నన్ను నిలబెట్టింది పాడమని కాదు. పాట అడుక్కుంట మన ఊర్లకు వచ్చేటోళ్లు ఎక్కువైండ్రు. ఒకరు యూట్యూబ్ చానెల్ అంటరు, ఒకరు లేబుల్ అంటరు, ఇంకొకరు "మీ వరుసకు నొటేషన్ రాసి ఆన్‌లైన్ల పెడతం, దేశదేశాలోళ్లు కొంటరు" అంటరు. వీళ్లల్ల ఎవర్ని నమ్మాలె, ఎవర్ని నమ్మొద్దు, అది ఎట్ల తేల్చుకోవాలె - ఇదే ఇయ్యాల్టి ముచ్చట.

ముఖం చూసి తేల్చే పని కాదిది. తియ్యగ మాట్లాడినోడల్ల ముంచుతడని నేను అనను. వచ్చినోడు మంచోడే కావచ్చు. కానీ వాడు రాయించుకున్న కాగితం చెడ్డదైతే, రేపు వాడు ఆ చానెల్‌ను ఇంకొకనికి అమ్ముకుంటే, మన పాట ఆ కొత్తోని చేతిల పడతది. వాని ముఖం మనం చూసిందే లేదు. అందుకని మనిషికంటే ముందు కాగితాన్ని చదవాలె.

భూమి సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సాదాబైనామా మీద కొన్న అర ఎకరం కోసం ఏండ్లకేండ్లు ఆఫీసుల చుట్టు తిరిగినోళ్లు ఈ సభల్నే ఉన్నరు. కౌలుకిచ్చుడు వేరు, పాలుకిచ్చుడు వేరు, పట్టా చేసిచ్చుడు వేరు అని మనకు ఎరుకే. పాట కూడా గంతే. "నీ చానెల్ల రెండేండ్లు పెట్టుకో, నా పాట నాదే" అంటే అది కౌలు. కాపీరైట్ చట్టంల దీన్ని లైసెన్స్ అంటరు. "సకల హక్కులు శాశ్వతంగా మీకు దఖలు పరిచినాను" అని రాస్తే అది పట్టా. దాన్ని అసైన్‌మెంట్ అంటరు. మన పిల్లలకు చానెలోళ్లు తెచ్చే కాగితాలు చూస్తే, పేరుకు లైసెన్స్ అని ఉంటది, లోపల చదివితే పట్టా ఉంటది. పై పేరు చూసి సంతకం పెట్టొద్దు.

ఇంకొక మాట. పాట ఒక్కటే గానీ అండ్ల హక్కులు నాలుగు. మాటలు కట్టినోనికి ఒక హక్కు. వరుస కట్టినోనికి ఒక హక్కు. గొంతు ఇచ్చినోనికి, డప్పు కొట్టినోనికి కళాకారుని హక్కు. పైసలు పెట్టి రికార్డు చేయించినోనికి ఆ రికార్డు మీద హక్కు. స్టూడియో కిరాయి కట్టినోడు ఈ నాలుగోదానికే యజమాని. మిగతా మూడు మనయి. "రికార్డింగ్ ఖర్చు నేను పెట్టిన కదా, పాటంత నాదే" అని వాడు అంటే, నాగలి కిరాయికి ఇచ్చినోడు చెల్క నాదే అన్నట్టు ఉంటది.

ఈ హక్కులు మనకు మొదటి నుంచి ఉన్నయి అనుకుంటున్నరా? లేవు. ఇది జర ఆగి చెప్పాలె, ఎందుకంటే మన పాటగాళ్లల్ల చాలామందికి తెలవదు. 1957ల కాపీరైట్ చట్టం వచ్చింది. ఆ చట్టంల సంగీతం అంటే ఏమి? అచ్చులనో, రాతలనో, గీతలనో కాగితం మీదికి ఎక్కిన వరుస మాత్రమే. స్వరం రాస్తెనే సంగీతం, రాయకపోతే చట్టం కండ్లకు అది సంగీతమే కాదు! నాట్లేసుకుంట అక్క కట్టిన వరుస, చిందు బాగోతంల తాత తీసిన రాగం, సావు డప్పు మీద మోగిన దరువు - ఇవేవీ చట్టానికి వినపడలేదు. 1977ల ఐ.పి.ఆర్.ఎస్. కేసుల సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు జస్టిస్ కృష్ణయ్యర్ వేరేగా ఒక మాట రాసిండు. మన దేశంల పాటకు ప్రాణం పాడేటోని గొంతులనే ఉంటది, చట్టం మాత్రం కాగితం మీది రాతకే హక్కు ఇచ్చింది, పాడినోనికి ఏమీ ఇయ్యలేదని ఎత్తిచూపిండు. అయినా అది మారడానికి ఇంకా 17 ఏండ్లు పట్టింది. 1994ల చట్టాన్ని సవరించి, 1995 మే 10 నుంచి అమలు చేసిండ్రు. అప్పుడు గానీ, రాయని వరుస కూడా సంగీతమే అయింది. పాడినోనికి, వాయించినోనికి హక్కు పుట్టింది కూడా ఆ సవరణతోనే.

లెక్క వేసుకోండ్రి. ఇండిపెండెన్స్ వచ్చినంక 48 ఏండ్లు మన వరుసకు యజమాని లేడు. ఊరూరికీ పాటల దళాలు తిరిగిన ఏండ్లు అవి. క్యాసెట్లు దండిగ అమ్ముడుపోయిన ఏండ్లు అవి.

అచ్చుకెక్కిన సంగీతం మన భాషల లేదా అంటే, ఉంది. సుబ్బరామ దీక్షితులు కూర్చిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904ల ఎట్టయపురంల, తెలుగు లిపిల, స్వరాలతో సహా అచ్చయింది. తమిళ దేశంల ఉన్న సంస్థానం తెలుగు అక్షరాల పుస్తకానికి పైసలు పెట్టింది. గొప్ప పనే. కానీ ఎవరి వరుసకు కాగితం దొరికింది, ఎవరి వరుసకు దొరకలేదు అన్నది కూడా చూడాలె గదా.

మన దిక్కు కాగితం దొరికిన చోటు ఒకటున్నది. మహబూబాబాద్ జిల్లా నుంచి వచ్చిన తమ్ముళ్లకు నేను చెప్పేది ముందే అర్థమైతది. దోర్నకల్. 1912ల అక్కడ బిషప్ అయిన అజరయ్య, మాల మాదిగల సంఘాలల్ల తెలుగు వరుసలల్నే ఆరాధన నడవాలన్నడు. అక్కడి కెథడ్రల్‌ను 1939ల ప్రతిష్ఠించిండ్రు, ఇప్పటికీ చూడొచ్చు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండ్రి. పాట మీద రాగం, తాళం పేరు ఉంటది. రాసినోని పేరు ఉంటది. ఎన్నో ఏండ్ల కిందట పోయిన మనిషి పేరు ఇయ్యాల మన ముసలవ్వ చేతిల పుస్తకంల ఉన్నది. అదే, లక్షల మంది చూసిన యూట్యూబ్ పాట కింద చూడండ్రి. నిర్మాత పేరు, కెమెరా పేరు, డ్రోన్ తిప్పినోని పేరు, ఆఖరికి భోజనాల ఏర్పాటు చేసినోని పేరు కూడా ఉంటది. పాట దగ్గర మాత్రం "జానపదం" అని ఉంటది. జానపదం అన్న మాట చాటున మనిషి మాయమైతున్నడు.

2021ల సారంగదరియా పాట సినిమాలకు ఎక్కినప్పుడు ఏమైందో మీకు యాదికుండాలె. ముందు ఎవరు సేకరించిండ్రు, ఎవరు పాడిండ్రు, ఎవరి పేరు వెయ్యాలె అన్న పంచాయితీ పేపర్లకు, టీవీలకు ఎక్కింది. ఆ పంచాయితీల ఎవరిది న్యాయం అని నేను ఇక్కడ తీర్పు చెప్పను. ఊర్ల నుంచి వచ్చిన పాటకు మనిషి పేరు అడగొచ్చు, అడిగితే వినాల్సి వస్తది అని దానితోని బయటపడ్డది. అది చాలు.

ఇక్కడ మన కార్యకర్తలు ఒక ప్రశ్న వేస్తరు. పొద్దున టీ కాడ కూడా ఒక తమ్ముడు అడిగిండు. "అన్నా, మన పాట ప్రజలది. మనం కాపీరైట్ అంటే మనకూ షావుకారికీ తేడా ఏమున్నది?" అని. మంచి ప్రశ్న. నేను గౌరవిస్త. కానీ ప్రజలకిచ్చుడు వేరు, ప్రజల పేరు మీద కంపెనీకి వదిలేసుడు వేరు. గ్రామకంఠం అందరిదీ అని మనం ఊకుంటే, దాని చుట్టు కంచె వేసిందెవరు? పాట కూడా అట్లనే.

యూట్యూబ్‌కు కంటెంట్ ఐడీ అని ఒక యంత్రాంగం ఉన్నది. 2007 నుంచి నడుస్తున్నది. ఎవడైనా ఒక పాటను "ఇది నాది" అని అండ్ల ఎక్కిస్తే, ఆ తర్వాత లోకంల ఎక్కడ ఆ పాట మోగినా యంత్రం పట్టుకుంటది. ఆ వీడియో మీద వచ్చే ప్రకటనల పైసలు, నాది అన్నోనికి పోయేటట్టు చెయ్యొచ్చు. యంత్రానికి ఎవరు ముందు చెప్పిండ్రో తెలుసు గానీ, ఎవరు కట్టిండ్రో తెలవదు. అందరి పాటను, పాత పాటను ఒక్కడు నాది అనొద్దని వాళ్ల రూల్సులనే ఉన్నది. ఉంటే ఏమాయె? అమెరికాల, అరిజోనా రాష్ట్రంల ఇద్దరు మనుషులు 2017 నుంచి 2021 దాక 50,000 కంటే ఎక్కువ పాటలు తమవే అని చెప్పి, 2 కోట్ల 30 లక్షల డాలర్లు తిన్నరు. ఎక్కువ భాగం స్పానిష్ పాడే లాటిన్ కళాకారులవి. చూసుకునే నాథుడు లేని పాటలను ఏరుకున్నరు. 2023ల అందుల ఒకనికి అయిదేండ్ల పది నెలల జైలు పడ్డది. అంత పెద్ద దేశంలనే పట్టుకోవడానికి నాలుగేండ్లు పట్టింది.

మా దిక్కు ఒక తమ్ముడున్నడు, పేరొద్దు. మేస్త్రి పనికి పోతడు. వాళ్ల నాయిన సచ్చిపోయినప్పుడు ఒక పాట కట్టిండు. ఒక చానెలోనికి పాడిచ్చిండు, కాగితం ఏమీ లేదు. ఏడాదికి, తన సొంత ఫోన్ల పాడి పెట్టుకున్న వీడియోకు నోటీసు వచ్చింది - ఈ పాట ఇంకొకరిది అని! నాయిన మీద ఏడ్చిన ఏడ్పుకు ఓనరు వేరే ఉన్నడట. నోటీసు చూసి భయపడి వీడియో తీసేసిండు. తియ్యొద్దు. అది కోర్టు నోటీసు కాదు. అక్కడ్నే అభ్యంతరం చెప్పే మీట ఉంటది. చెప్పితే, క్లెయిమ్ చేసినోనికి 30 రోజుల గడువు. అన్లోపట జవాబు చెప్పకపోతే క్లెయిమ్ పడిపోతది. చెప్పకపోవడం కూడా చాలాసార్లు జరుగుతది, ఎందుకంటే వానికీ తెలుసు పాట వానిది కాదని. కానీ అభ్యంతరం అబద్ధంతోని వెయ్యొద్దు. నిజంగ రాసిచ్చినంక వేస్తే మనమే దొరుకుతం.

అందుకనే "కాపీరైట్ పెట్టుకోను" అనేటోళ్లు కూడా పేరు నమోదు చేసుకోవాలె. నీదని చెప్పినంక, "ఎవరైనా పాడుకోండ్రి, పైసలు తీసుకోకుండ్రి" అని నువ్వు ఇయ్యొచ్చు. ఆ మాట చెప్పే హక్కు ఓనరుకే ఉంటది.

దక్షిణాఫ్రికాల సాల్మన్ లిండా అని ఒక జులూ పాటగాడు ఉండె. 1939ల ఎంబూబే అనే పాట రికార్డు చేసిండు. హక్కులు ఆ రికార్డుల కంపెనీకే 10 షిల్లింగులకు అమ్మిండు. ఆ కంపెనీలనే చిన్న పని చేసుకుంట బతికిండు. ఆ వరుస అమెరికా పోయింది, 1961ల వేరే మాటలతోని, వేరే పేరుతోని లోకమంత మోగింది. 1962ల లిండా బీదోనిగనే సచ్చిపోయిండు. 1994ల సింహాల బొమ్మల సినిమాల కూడా ఆ వరుస వాడిండ్రు, మీ పిల్లలు టీవీల చూసే ఉంటరు. బ్రిటిషోళ్ల పాత చట్టంల ఒక క్లాజు ఉండె - పాట కట్టినోడు సచ్చిపోయిన 25 ఏండ్లకు హక్కు వారసులకు తిరిగి వస్తదని. ఒక లాయరు ఆ క్లాజు తవ్వి తీసి కేసు వేస్తే, 2006ల ఆయన బిడ్డలకు రాజీ మీద రాయల్టీ దొరికింది. కట్టినోడు పోయిన 44 ఏండ్లకు! నల్లజాతి పాటకు జరిగిందీ, డప్పు దరువుకు జరిగేదీ ఒక్కటే కథ.

మన చట్టంల అసుంటి క్లాజులు ఇప్పుడు ఉన్నయి. 2012ల పెద్ద సవరణ వచ్చింది. దాని కోసం పార్లమెంటుల జావేద్ అఖ్తర్ గట్టిగ కొట్లాడిండు. ఇప్పటి చట్టంల మనకు పనికొచ్చేవి చెప్త, రాసుకునేటోళ్లు రాసుకోండ్రి.

పాట అసైన్‌మెంట్ రాతపూర్వకంగ ఉండాలె, ఇచ్చేటోని సంతకం ఉండాలె. నోటి మాట మీద పట్టా కాదు. ఆ కాగితంల ఏ పాట, ఏ హక్కు, ఎన్నేండ్లు, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ అన్నది ఉండాలె. ఎన్నేండ్లో రాయకపోతే అయిదేండ్లు అని చట్టమే అనుకుంటది. ఏ ప్రాంతమో రాయకపోతే ఇండియా వరకే. తీసుకున్నోడు ఏడాది దాక పాటను వాడకుండ మూలకు పడేస్తే, కాగితంల వేరేగ రాసి ఉంటే తప్ప, హక్కు మనకే తిరిగి వస్తది. అందుకనే వాళ్లు "శాశ్వతంగా", "విశ్వమంతటా", "వాడినా వాడకపోయినా" అని మరిచిపోకుండ రాస్తరు. ఆ మూడు మాటలు కనపడ్డ కాగితం మీద పెన్ను పెట్టొద్దు. ఇంకా పుట్టని మాధ్యమాలకు కూడా ఇస్తున్న అని పేరు పెట్టి రాసిస్తే తప్ప, కొత్తగ వచ్చే మాధ్యమానికి ఆ కాగితం చెల్లదు.

అన్నిటికంటే పెద్దది ఇది. మాటలు రాసినోడు, వరుస కట్టినోడు తమ రాయల్టీ హక్కును కంపెనీకి వదులుకుంట అని రాసిచ్చినా చెల్లదు. హక్కు తీసుకున్నోనితోని సమానంగ పంచుకోవాల్సిందే. వారసులకు, కాపీరైట్ సొసైటీకి తప్ప ఇంకెవరికీ అది రాసియ్యరాదు. "అయిదు వేలు ఒకేసారి ఇచ్చినం, ఇంకేమీ లేదు" అనేటోనికి ఈ ముక్క చూపించండ్రి. పైసలు తీసుకున్నా, పట్టా చేసినా, పాట మీద నీ పేరు వెయ్యమని అడిగే హక్కు మాత్రం నీతోనే ఉంటది.

చట్టం మంచిగనే ఉన్నది గదా, మరి భయమెందుకు అంటరా? రాయల్టీ ఇయ్యకుంటే కమర్షియల్ కోర్టుకు పోవాలె. అసైన్‌మెంట్ రద్దు చేసే ఆర్డరు మాత్రం మొదటి అయిదేండ్లల్ల రాదు, అదీ చట్టంలనే ఉన్నది. కూలీకి పోయేటోడు కోర్టు మెట్లెక్కి ఎన్ని రోజులు నిలబడతడు? కాబట్టి బలమంత సంతకానికి ముందే ఉన్నది, తర్వాత లేదు.

నొటేషన్ సైట్ల సంగతి. బ్యాండు మేళం వాయించే మన మాదిగ పిల్లలకు, చర్చిల కీబోర్డు వాయించే పిల్లలకు ఇది కొత్తగ వచ్చిన ఆశ. వరుసను స్వరాలుగ రాసి ఆన్‌లైన్ల పెడితే, కొనేటోళ్లు కొంటరు. మంచిదే. కానీ సైట్లన్నీ ఒక్క రకం కాదు. కొన్ని ఉత్తగ పంచుకునేవి, అక్కడ పైసల ఊసు లేదు. కొన్ని నీ తరఫున అమ్మి తన పాలు పట్టుకునేవి. కొన్ని హక్కే కొనుక్కునేవి. పేర్లు కూడా తికమక పెడతయి. మ్యూజ్‌స్కోర్ అని నొటేషన్ రాసుకునే సాఫ్ట్‌వేర్ ఉన్నది, అది పూర్తిగ ఉచితం. అదే పేరు మీద స్కోర్లు పంచుకునే సైటు వేరే ఉన్నది, అండ్ల చందా ఉంటది. ఉచితం అనుకొని పోయి కార్డు నంబరు ఇయ్యొద్దు. ఆ సైటు వెనుక ఉన్న మ్యూజ్ గ్రూపు 2023ల అమెరికాల పెద్ద నొటేషన్ ప్రచురణ సంస్థ హాల్ లెనార్డ్‌ను కొన్నది. అది తప్పని చెప్తలేను. ఇయ్యాల ఒకరి పేరు మీద ఉన్న దుకాణం రేపు ఇంకొకరిది అయితది, మనం ఒప్పుకున్న షరతులు వానికి సంక్రమిస్తయి. అందుకని "నేను ఎప్పుడంటే అప్పుడు నా పాట తీసేసుకోవచ్చునా, తీసినంక ఎన్ని రోజులకు మాయమైతది" అన్నదే నేను మొదట వెతుకుత. దానికి జవాబు లేని సైటు నాకు వద్దు.

ఎదురు పైసలు అడిగితే అక్కడ్నే ఆగుండ్రి. నూరేండ్ల కింద అమెరికాల పాటల సొరచేపలు అని ఒక జాతి ఉండె. "మీ కవిత పంపండి, మేము వరుస కట్టి, నొటేషన్ అచ్చు వేసి మిమ్ముల పెద్దోళ్లను చేస్తం" అని పత్రికలల్ల ప్రకటన ఇచ్చి, రాసినోని దగ్గర్నే ఫీజు గుంజేటోళ్లు. అచ్చైన కాగితాలు ఇంటికి వచ్చేవి, కొనేటోడు ఉండేటోడు కాదు. వాళ్ల లాభం పాట అమ్మితే కాదు, పాటగానికి ఆశ అమ్మితే. ఆ సొరచేపలే ఇయ్యాల వాట్సాప్‌ల "ప్రమోషన్ ప్యాకేజీ" అని ఈదుతున్నయి. పాట అమ్ముకునేటోడు పాటగానికి పైసలియ్యాలె గానీ, పాటగాని దగ్గర తీసుకునుడేంది?

ఒక ఇబ్బంది మాత్రం ఇంకా తేలలేదు. దరువును నొటేషన్‌ల రాసినోడు ఎవరు? మన దగ్గరికి పరిశోధన అని వస్తరు, చిందు బాగోతం రికార్డు చేసుకుంటరు, స్వరాలు రాసుకుంటరు, తమ పేరు కింద పెట్టుకుంటరు. రాసినందుకు వాని రాతకు విలువ ఉండొచ్చు. దరువు మాత్రం వానిది కాదు. మన జిల్లాలనే, దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెల గడ్డం సమ్మయ్య గారు ఉన్నరు. చిందు యక్షగానానికి 2024ల పద్మశ్రీ వచ్చింది. ఆట తరతరాలది, అది ఎవరి సొంతం కాదు. కానీ ఒక రాత్రి ఒక బృందం ఆడిన ఆట ఆ బృందానిది. వాళ్లను అడగకుండ రికార్డు చేసి అమ్ముకునే హక్కు ఎవనికీ లేదు. మన బృందాలు ఇది చెప్పడానికి సిగ్గుపడుతున్నయి. వచ్చినోడు కారుల వచ్చిండు, కెమెరా పెద్దగున్నది, బిడ్డలకు బిస్కెట్లు ఇచ్చిండు. అడిగితే ఏమనుకుంటడో అని.

అందెశ్రీ గారిని చూడండ్రి. రేబర్తిల పుట్టిండు. బడి మొహం చూడలేదు, మేకలు గొర్లు కాసిండు, తాపీ పని చేసిండు. ఆయన కట్టిన పాట 2024ల రాష్ట్ర గీతమైంది. 2025 నవంబర్‌ల ఆయన పోయిండు గానీ, ఆ పాట ఎవరిదంటే పసిపిల్లడు కూడా ఆయన పేరే చెప్తడు. వరుసకు కొత్తగ సంగీతం కట్టింది కీరవాణి గారని కూడా అందరికీ తెలుసు. మాట ఎవరిది, సంగీతం ఎవరిది అని విడివిడిగ పేర్లు వెయ్యొచ్చు అన్నమాట. భూపాలపల్లి గనుల కాడ పాట కట్టినోనికి కూడా అదే జరగాలె.

రుజువు లేకుండ ఏదీ నిలవదు కాబట్టి, పాట పుట్టిన రోజే పని చెయ్యండ్రి. పల్లవి కుదిరినంక ఫోన్ల పాడి, తేదీ చెప్పి, మీ పేరు ఊరు చెప్పి రికార్డు చెయ్యండ్రి. ముగ్గురు నలుగురికి పంపండ్రి. నోటుబుక్కుల తేదీ వేసి రాయండ్రి. రాయరాని అక్కలకు మన పిల్లలు రాసిపెట్టాలె, కింద అక్క పేరే వెయ్యాలె, రాసినోని పేరు కాదు. కాపీరైట్ ఆఫీసుల నమోదు తప్పనిసరి కాదు, హక్కు పాట పుట్టినప్పుడే పుడతది. అయినా నమోదు ఉంటే రుజువు గట్టిగుంటది. మాటలకు 500, వరుసకు 500 రూపాయల ఫీజు, ఆన్‌లైన్ల చెయ్యొచ్చు. దరఖాస్తు పెట్టినంక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలె. అన్ని పాటలకు మనతోని కాదు, పది మంది నోట్ల నానుతున్న ఒకటి రెండింటికి చేయించండ్రి. పాట రాసేటోళ్లు, వరుస కట్టేటోళ్లు ఐ.పి.ఆర్.ఎస్.ల సొంత పేరు మీద సభ్యులు కావొచ్చు. చానెలోడు "మీ తరఫున నేను చేయిస్త" అంటే, ఎవరి బ్యాంకు ఖాతా నంబరు వేస్తున్నడో ముందు చూడండ్రి.

సొంత చానెల్ పెట్టుకుంటే ఎట్లుంటది అని భూపాలపల్లి చెల్లె చీటీ పంపింది. పెట్టుకోవచ్చు బిడ్డా. మామూలు వీడియోలకు ప్రకటనల పైసలల్ల నూటికి 55 మనకు, 45 యూట్యూబ్‌కు. కానీ ఆ పైసలు మొదలు కావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిల 4,000 గంటల చూపు కావాలె. ఒక్కరితోని అయితే కష్టం. మూడు జిల్లాలోళ్లం కలిసి ఒక్క చానెల్ పెట్టుకొని, ఎవరి పాటకు ఎంత వచ్చిందో నెలకోసారి గోడకు అంటిస్తే అయితది. చానెల్ పాస్‌వర్డ్ ఒక్కని జేబుల ఉండొద్దు, అంతే. మన సంఘమైనా సరే, మనం కూడా కాగితం రాసే పాట తీసుకోవాలె. మనోడే గదా అని నోటి మాట మీద వద్దు.

ఇప్పటికే సంతకాలు పెట్టినోళ్లు ఉన్నరు, నాకు తెలుసు. కాగితం జిరాక్స్ ఉన్నోళ్లు, ఫోన్ల ఫోటో ఉన్నోళ్లు, అసలు కాగితమే ఇయ్యకుండ సంతకం పెట్టించుకపోయిన వాళ్లు కూడా, భోజనాలు కాంగనే ఆ వేపచెట్టు కిందికి రండ్రి. వరంగల్ నుంచి లాయరమ్మ వచ్చింది, నాలుగింటి దాక ఉంటది. జనగామోళ్లు ముందు, బస్సులు దూరమున్న భూపాలపల్లోళ్లు ఇంకా ముందు.